ఆసనాల ఇన్‌ఛార్జి

మా ఆఫీసులో ఎవరికైనా నడుం నొప్పి వస్తే, అది వాళ్ళ సొంత నొప్పే అని మీరనుకుంటారు. అనుకోండి, తప్పులేదు. లోకంలో అందరూ అలాగే అనుకుంటారు. తుంగచాపల ప్రామాణిక మండలిలో జుట్టు నెరిసినవాణ్ణి గనక నాకు మాత్రం తెలుసు. ఫలానా నడుము ప్రస్తుతం ఎవరి ఆధీనంలో ఉంది అన్నది ముందు తేలాలి. నొప్పి ఎవరిదన్నది ఆ తర్వాత మాట.

నా పేరు పేరూరి కామేశం. కాకినాడలో మండలివారి ప్రాంతీయ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుని. నేతగాళ్ళు పంపిన చాపల్ని కొలిచి, తడిపి, ఆరబెట్టి, "ఇది చాపే" అని ముద్ర వేయడం మా పని. మా ముద్ర పడనంతవరకూ అది చాప కాదు, దాని మీద ఎన్ని తరాలవాళ్ళు గుర్రుపెట్టి నిద్రపోయినా సరే. నమూనాలు దిగేది కింద గోదాములో. పరీక్ష గది పై మేడ మీద. లిఫ్టు ఉంది గాని, దానికింకా ప్రారంభోత్సవం కాలేదు. అందుచేత ఆ చాపల చుట్టలన్నీ భుజాన వేసుకుని మెట్లెక్కేది మా అటెండరు నూకరత్నం. భర్త పోయాక ఆయన ఉద్యోగం ఆవిడకిచ్చారు. ఆయన మోసిన చుట్టలే ఆవిడా మోస్తోంది.

ఇలా చల్లగా సాగిపోతున్న ఆఫీసులోకి ఒక సర్క్యులర్ ఊడిపడింది. మా డైరెక్టరుగారు ఎక్కడో కొండ మీద యోగా శిబిరానికి వెళ్ళొచ్చారట. ఆయన ఒళ్ళు ఎంత తేలికపడిందో మాకు తెలియదు గాని, ఆ బరువంతా తిన్నగా వచ్చి మా మీద పడింది. యోగా చేసేది చాప మీద కాబట్టి, దేశానికి దారి చూపించవలసింది చాపల మండలేనని ఆయన నిర్ణయించారు.

సర్క్యులర్ ఇలా ఉంది: "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, ప్రతి ఉద్యోగియు తన స్వగృహమునందు దినదినము ఆచరించుటకు వీలుగా ఒక క్రమబద్ధమైన యోగాభ్యాస ప్రణాళికను రూపొందించుకొని, తగు మార్గమున సమర్పించి, ఆమోదము పొందిన పిమ్మటనే ఆచరణ ప్రారంభించవలెను. ఆమోదము పొందని ప్రాణాయామము క్రమశిక్షణా రాహిత్యముగా పరిగణింపబడును."

నాకు ఊపిరాడలేదు. ఆమోదం లేదు కాబట్టి ఆడకపోవడమే మంచిదనిపించింది కూడా.

ఇంటికెళ్ళి మా ఆవిడ సుభాషిణితో చెప్పాను. ఆవిడ ఎప్పటినుంచో తెల్లారి లేచి, దొడ్డి వరండాలో ఓ దుప్పటి పరుచుకుని ఏవో ఆసనాలు వేసుకుంటుంది. ఎవర్నీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. అలాంటి అనధికారిక అభ్యాసం నా ఇంట్లోనే జరుగుతోందని ఆ రోజుదాకా నాకు తట్టనేలేదు.

"దీనికింత హడావుడేంటండీ?" అంది సుభాషిణి, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. "ముందు కాసేపు కాళ్ళూ చేతులూ ఆడించి ఒళ్ళు వేడి చేసుకోవాలి. నిలబడి చేసేవి కొన్ని, కూర్చుని చేసేవి కొన్ని. ముందుకి వంగితే మళ్ళీ వెనక్కీ వంగాలి. తర్వాత స్థిమితంగా ఊపిరి పీల్చి వదలాలి. ఆఖర్న శవాసనం. ఒంటికి ఏది పడకపోతే అది మానెయ్యాలి. అంతే కదా!"

"అంతే" అని ముగించే పని ఏదైనా ప్రభుత్వంలో ఉంటుందా? అయినా ఆవిడ చెప్పిందే కాస్త ఆఫీసు భాషలోకి మార్చి, మరునాడు మా ప్రాంతీయాధికారి జలసూత్రం విద్యాధరరావుగారి ముందు పెట్టాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, చదివి, మళ్ళీ తుడుచుకుని చదివారు.

"ఏమయ్యా కామేశం, శవాసనం చివర పెట్టావేమిటి?"

"అది చివరే వేస్తారు సార్."

"ఎవరు వేస్తారు? పనంతా ముగించి, కాళ్ళు చాపుకొని పడుకోవడమనేది ప్రజల్లోకి ఎటువంటి సంకేతాన్ని పంపుతుందో ఆలోచించావా? సదరు విశ్రాంతిని మొదటికి మార్చు. ఉద్యోగి ముందుగా విశ్రాంతి తీసుకొని, తదుపరి పనికి ఉపక్రమించుట మన సంప్రదాయం." ఎర్ర సిరాతో శవాసనం చుట్టూ సున్నా చుట్టి, బాణం గీసి, పైకి లాగారు. "ఇంకొకటి. ఎవరికి తోచిన ఆసనం వారు వేసుకుంటూ పోతే హోదా ఏమవుతుంది? నేనూ, అటెండరూ ఒకే ఆసనంలో కూర్చుంటామా?"

అదీ నిజమే. ఆ మాట సుభాషిణికి తట్టలేదు.

సాయంత్రం మీటింగు పెట్టి ఆసనాలను హోదా ప్రకారం పంచేశారు. సుఖాసనం గెజిటెడ్ అధికారులకు. మకరాసనం సూపరింటెండెంటుగారికి, ఎందుకంటే ఆయన ఎలాగూ బల్ల మీద గడ్డం ఆనించుకునే ఉంటాడు. అటూ ఇటూ మెలితిరిగే ఆసనాలు గుమాస్తాలకు. ఇక ముందుకి వంగేవన్నీ మూకుమ్మడిగా నాలుగో తరగతి సిబ్బందికి. "వంగుట వారికి అలవాటైన క్రియయే కావున ప్రత్యేక శిక్షణ అవసరము లేదు," అని మినిట్స్‌లో రాయించారు విద్యాధరరావుగారు. మా ఆఫీసులో నాలుగో తరగతి సిబ్బంది అంటే నూకరత్నం ఒక్కతే. ఆవిడ అప్పుడు మా అందరికీ టీ గ్లాసులు అందిస్తోంది, వంగి.

ఇంతవరకూ ఏ ఆఫీసులోనైనా జరిగేదే. అసలు చిక్కు వారం తిరక్కుండానే వచ్చింది. విద్యాధరరావుగారికి చాపల తనిఖీ కోసం క్యాంపు పడింది. సర్క్యులర్ చూస్తే "స్వగృహమునందు, దినదినము" అంటోంది. ఆయన క్యాంపులో ఉంటే స్వగృహంలో సుఖాసనం ఎవరు వేస్తారు?

మా ఆఫీసు సంగతి కొంచెం చెప్పాలి. ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉండొచ్చు. అందులో కూర్చున్న మనిషి బుర్రా ఖాళీగా ఉండొచ్చు. పోస్టు మాత్రం క్షణం కూడా ఖాళీగా ఉండటానికి వీల్లేదు. ఎవరు సెలవు మీద వెళ్ళినా, క్యాంపుకెళ్ళినా, ఆఖరికి కన్నుమూసినా, ఆ బాధ్యత ఎవరో ఒకరికి అప్పగించి, పుచ్చుకున్నట్టు సంతకం తీసుకోవాలి. దాన్నే పూర్తి అదనపు బాధ్యత అంటారు. ఈ పద్ధతి మా నరనరాన ఇంకిపోయింది. కాబట్టి విద్యాధరరావుగారు ఏం చేశారో నేను చెప్పక్కర్లేదు. "ఈ దినము పూర్వాహ్నమున నా సుఖాసనమును శ్రీ పేరూరి కామేశంకు అప్పగించితిని," అని ఆయన సంతకం. "స్వీకరించితిని," అని నాది.

మర్నాడు తెల్లవారుజామునే స్నానం చేసి, చంకలో చాప పెట్టుకుని ఆయనగారింటికి వెళ్ళాను. తలుపు తీసిన అమ్మగారు నన్నెగాదిగా చూశారు.

"ఎవరు కావాలి?"

"ఎవరూ అక్కర్లేదండి. అయ్యగారి సుఖాసనం ఇన్‌ఛార్జినండి."

ఆవిడ కళ్ళార్పకుండా కాసేపు చూసి, "ఓహో, ఆఫీసా!" అన్నారు. ఆ మాటతో ఆవిడకి సర్వం బోధపడిపోయినట్టుంది. వరండాలో చోటు చూపించారు. నేను సుఖంగా కూర్చున్నాను. "ఆయన ఈ వేళప్పుడు మొక్కలకి నీళ్ళు పోస్తారు. పాలు కూడా తెస్తారు. అవన్నీ ఆ బాధ్యత కిందకే వస్తాయా?" అని అడిగారు లోపల్నుంచి. రావని గట్టిగా చెప్పాననుకుంటున్నారేమో! పాల చెంబు పట్టుకుని వీధిలోకి వచ్చాను.

పైవాళ్ళని వివరణ అడిగితే, ఇన్‌ఛార్జి ఇల్లే అసలు ఉద్యోగి ఇల్లుగా భావించబడునని జవాబొచ్చింది. నాకు పాల బెడద తప్పింది గాని, అసలు ప్రమాదం అక్కడే మొదలైంది. ఇన్‌ఛార్జి తమ ఇంటికి రానక్కర్లేదని తెలిసేసరికి జనం ఎగబడ్డారు. సూపరింటెండెంటుగారు "అనివార్య కారణముల వలన" తన మకరాసనం నాకప్పగించాడు. అకౌంటెంటు పిల్ల పెళ్ళిచూపులని అర్ధమత్స్యేంద్రాసనం ఇచ్చాడు. చూపులైపోయి, పెళ్ళయిపోయి, పిల్ల కాపురానికెళ్ళినా వెనక్కి పుచ్చుకోలేదు. నాకు అప్పగించడం అందరికీ అలవాటైపోయింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, నాకూ లోలోపల సంబరంగానే ఉండేది. ఇంతమంది అధికారుల ఆసనాలు ఒక్కడి ఒంటి మీద నడుస్తున్నాయంటే మాటలా?

"మీ ఒళ్ళు సత్రం అయిపోయిందండీ," అంది సుభాషిణి. "ఎవడు పడితే వాడొచ్చి మకాం పెడుతున్నాడు. పైగా ముందు పడుకుని, తర్వాత ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకోవడం ఏం పద్ధతి? నరం పట్టేస్తే అప్పుడు తెలుస్తుంది."

"ఆమోదం పొందిన క్రమం అది," అన్నాను మకరాసనంలో ఉండి, గడ్డం చాపకి ఆనించి.

అలాంటి రోజుల్లోనే ఓ మధ్యాహ్నం నూకరత్నం నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. నిలబడటం కూడా ఓ పక్కకి ఒరిగి, బల్ల అంచు పట్టుకుని.

"కామేశంగారండీ, ఓ మాటండి."

"ఏంటమ్మా?"

"నడుం పట్టేసిందండి. నిన్న చాపల చుట్ట దింపుతుంటే కలుక్కుమందండి. కుడికాలు మొత్తం తిమ్మిరెక్కిపోతందండి, సెప్పు ఊడిపోయినా తెలట్లేదండి. పెద్దాసుపత్రిలో సూపిచ్చుకున్నానండి. ఎన్నుపూసలో ఏదో జారిందంటండి. ఒంగకూడదంట, బరువు మొయ్యకూడదంట. నెల్లాళ్ళు ఎల్లకిలా పడుకోపోతే కాలు పడిపోద్దని సెప్పేశారండి ఆ డాట్రుగారు." బల్ల అంచు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "కాలు పడిపోతే నన్నెవరు సూత్తారండి? నాకా ఎనకా ముందూ ఎవరూ లేరాయె."

నాకు గుండెల్లో కలుక్కుమంది. వెంటనే మెడికల్ లీవుకి అర్జీ నేనే రాసి, ఆవిడ వెంట నేనే విద్యాధరరావుగారి గదిలోకి వెళ్ళాను.

ఆయన అర్జీ చూసి నొచ్చుకున్నారు. మంచి మనిషే, నొచ్చుకోవడంలో ఆయనకి వంక పెట్టలేం. "పాపం, పాపం. కానీ కామేశం, తాజా నిబంధన ఎరుగుదువు కదా. గృహ యోగాభ్యాసము సంతృప్తికరము అని నమోదైన ఉద్యోగికి మాత్రమే వైద్య సెలవు. ఈమె అభ్యాసం ఏ దశలో ఉన్నది?"

"ఒంగలేకపోతన్నానండి బాబూ," అంది నూకరత్నం.

"వంగలేకపోవుటకు కారణం వంగకపోవుటయే. యోగాభ్యాసము చేసియున్నచో నొప్పి వచ్చెడిదే కాదు. కావున నొప్పి వచ్చిన ఉద్యోగి అభ్యాసము చేయలేదనుట స్పష్టము. అభ్యాసము చేయనిచో సెలవు లేదు." ఎంత చక్కగా అమరిందో చూసుకుని ఆయనే మురిసిపోయారు.

నూకరత్నం నా వైపు చూసింది. ఆ చూపు తట్టుకోలేక నేనే నోరు జారాను. "సార్, ఆవిడ ఆసనాలకి కూడా నేనే పూర్తి అదనపు బాధ్యత తీసుకుంటాను. సంతృప్తికరంగా చేసి చూపిస్తాను. అప్పుడు లీవివ్వొచ్చు కదా?"

"పైవారి ఆసనములు కిందివారికి అప్పగించుట చూచితిని. కిందివారివి పైవారు స్వీకరించుట..." ఆయన పెదవి కొరికారు. "నిషేధమైతే లేదు. కానివ్వు."

నూకరత్నం వేలిముద్ర లాంటి సంతకంతో అప్పగించింది. నేను స్వీకరించాను. బయటికొచ్చాక ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోతే, "వంగకు, వంగకు" అని ఆపేశాను.

ఆ రోజునుంచీ నూకరత్నం ఆసనాల మీద నేను పెట్టిన శ్రద్ధ అధికారుల ఆసనాల మీద ఏనాడూ పెట్టలేదు. అన్నీ ముందుకి వంగేవే. కూర్చుని వంగేవి, నిలబడి వంగేవి, కాళ్ళు చాపి వంగేవి. వెనక్కి వంగే ఆసనం ఒక్కటి వేద్దామంటే అది ఆవిడ హోదాకి మంజూరు కాలేదు. నడుం కింద సన్నగా ఓ సలుపు మొదలైంది గాని పట్టించుకోలేదు. సంతృప్తికరం అనిపించుకుంటే చాలు, ఆ మనిషి కాలు నిలబడుతుంది.

అభ్యాసాలు చూసి నమోదు చేసుకునే పరిశీలకుడు హెడ్డాఫీసు నుంచి రానే వచ్చాడు. సఫారీ తొడుక్కున్న బక్కపలచటి మనిషి. మా హాల్లో సోఫాలో కూర్చుని, సుభాషిణి ఇచ్చిన మజ్జిగ తాగుతూ, "నూకరత్నాన్ని ప్రవేశపెట్టండి," అన్నాడు. నేను చాప మీద కూర్చున్నాను. కాళ్ళు చాపి, పళ్ళబిగువున వంగి, ముక్కు మోకాళ్ళకి ఆనించేశాను. ఆయన లేచి నిలబడ్డాడు. "అద్భుతం!" అన్నాడు. "నాలుగో తరగతిలో ఇంతటి వెన్ను ఉన్నదని పైవారికి తెలియదు. నూకరత్నంగారు చిన్నప్పటినుంచీ సాధన చేశారా?"

"ఆవిడ ఎప్పుడూ వంగే ఉంటుందండి," అంది సుభాషిణి, ఖాళీ గ్లాసు లాక్కుంటూ.

ఆ మనిషి వెళ్ళాక నేను లేవలేకపోయాను. సుభాషిణే చంకల కింద చేతులేసి లేపింది. ఆవిడ తిడుతూనే ఉంది, నేను నవ్వుతూనే ఉన్నాను. పని జరిగింది కదా!

జరిగింది. కొద్ది రోజులకే పైనుంచి ఉత్తర్వులు దిగాయి. మండలి మొత్తం మీద ఉత్తమ వెన్నుగా నూకరత్నం వెన్ను ఎంపికైంది. శాలువా, ప్రశంసాపత్రం. దాంతోపాటే, లీవు అర్జీ వెనక్కొచ్చింది. "ముక్కును మోకాళ్ళకు ఆనించగల ఉద్యోగికి వెన్నునొప్పి ఉన్నదనుట విశ్వసనీయముగా లేదు. సెలవు నిరాకరించడమైనది. ఇట్టి దృఢమైన వెన్నును మండలి పూర్తిగా వినియోగించుకొనుటకై, పొరుగు కార్యాలయపు నమూనాలను సైతము ఆమెచే మోయించవలసినదిగా ఆదేశించడమైనది."

శాలువా కప్పుతుంటే నూకరత్నం అర్థం కాక నవ్వింది. ఫోటో తీశారు. తర్వాత గోదాములోకి వెళ్ళి చుట్ట ఎత్తింది. మెట్ల దగ్గర కుడికాలు పైకి రాక, చేత్తో పట్టుకుని మెట్టు మీద పెట్టుకోవడం నేను కళ్ళారా చూశాను. నా చేతులతో నేనే ఆ మనిషి గొంతు కోశానే అనిపించింది. ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే విద్యాధరరావుగారి గదిలోకి దూసుకుపోయాను.

"వంగింది నేను సార్! ఆవిడ కాదు. ఆవిడ కాలు పడిపోతోంది, మీ కళ్ళకి కనబడటం లేదా?"

"ఆవేశపడకు. నీవు వంగినది ఏ హోదాలో? నూకరత్నం ఇన్‌ఛార్జి హోదాలో. ఇన్‌ఛార్జి చేసిన సంతకం అసలు అధికారి సంతకమగునా, కాదా?"

"అవుతుంది."

"మరి ఇన్‌ఛార్జి వంగిన వంపు?"

ఇన్నేళ్ళూ నేనూ ఆ పద్ధతినే నమ్ముకుని బతికినవాణ్ణి. ఆయన కాస్త మెత్తబడి, "సరే, మెడికల్ బోర్డుకు రాస్తాను. శాస్త్రీయంగా తేలిపోవును," అన్నారు.

నాకూ నూకరత్నానికీ ప్రాణం లేచొచ్చింది. ఆసుపత్రి డాక్టరు తేల్చేదాంట్లో హోదాలుండవు కదా అనుకున్నాం. ఇద్దరం కలిసే వెళ్ళాం. ఆటోలో ఒక్కో గుంతకి ఆవిడ ఒక్కోసారి "అమ్మో" అంది, నేనూ అన్నాను.

బోర్డు డాక్టరు మా ఆఫీసు పంపిన ఉత్తరం పూర్తిగా చదివాడు. ఆయనా ప్రభుత్వోద్యోగే. నూకరత్నం పరీక్ష బల్ల మీదికి ఎక్కబోతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"ఆగమ్మా. ఈ ఉత్తరం ప్రకారం నీ వెన్ను ఎవరి ఆధీనంలో ఉంది?"

"నాదేనండి, ఇదిగోనండి," అంది నూకరత్నం, వీపు చూపిస్తూ.

"అది భౌతికంగా. కాగితం ప్రకారం కామేశంగారి దగ్గరుంది. నేను కాగితం ప్రకారమే పరీక్ష చెయ్యాలి, లేకపోతే ఆడిట్ వాళ్ళు నన్ను పీక్కుతింటారు. మీరెక్కండి సార్."

ఎక్కాను. బోర్లా పడుకోబెట్టి, నొక్కి, కాలెత్తించి, స్కానింగు ఫోటోలు తీయించాడు. నేను పెట్టిన కేకకి బయట వరసలో ఉన్నవాళ్ళు ఇద్దరు లేచి ఇంటికెళ్ళిపోయారట. ఫోటో వెలుతురుకి పెట్టి చూసి డాక్టరు నాలిక చప్పరించాడు. "నూకరత్నం వెన్నుపూసలో డిస్క్ జారింది. బాగానే జారింది. నెలరోజులు సంపూర్ణ విశ్రాంతి రాస్తున్నాను."

నూకరత్నం మొహం వెలిగిపోయింది. "మీ కాళ్ళకి దణ్ణవండీ కామేశంగారు. మీకు జారబట్టి నేను గట్టెక్కేనండి," అని, వెంటనే నాలిక కరుచుకుంది. నాకు కోపం రాలేదు. నొప్పిలో కూడా హాయిగా ఉంది.

ఆ హాయి రెండు పూటలు నిలిచింది. మూడో పూటకి విద్యాధరరావుగారు పిలిచి ఉత్తర్వు నా చేతికిచ్చారు. లీవు మంజూరైంది, నూకరత్నం ఖాతాలోనే. వాడుకోవలసింది మాత్రం నేను.

"అదేంటి సార్? లీవు ఆవిడది!"

"సెలవు ఆమెదే. విశ్రాంతి ఎవరికి? జారిన వెన్నుకు. సదరు వెన్ను ఎవరి ఆధీనంలో ఉన్నది? నీ ఆధీనంలో. కావున ఆమె తరఫున నీవు ఇంటి వద్ద పడుకొనవలెను. ఆమె వద్ద ప్రస్తుతం నొప్పికి సంబంధించిన బాధ్యతలేవీ లేవు కనుక, ఆమె యథావిధిగా విధులకు హాజరగును."

ఎదురు మాట్లాడితే ఎక్కడ పడుకోవడం కూడా పోతుందోనని బయటికొచ్చాను. నూకరత్నానికి ఎలా చెప్పాలా అనుకుంటూ కిందికి దిగాను. ఆవిడకి అప్పటికే తెలిసిపోయింది. గోదాము గడప మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నన్ను చూసి కళ్ళు తుడుచుకుంది. "మీరెల్లి పడుకోండి బాబుగారూ. మీకూ నెప్పే కదండీ. ఒకళ్ళకైనా తగ్గనివ్వండి," అంది.

ఇంటికెళ్ళి పడుకున్నాను. సుభాషిణి గుమ్మంలో నిలబడి నన్నూ మంచాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఆవిడ కాలు పడిపోతుంటే, ఆవిడ లీవు మీరు పడుకుని హరాయించుకుంటారా?"

"నా నడుం కూడా నిజంగానే జారిందే. నేను కదిలితే..."

"జారదూ మరి? ఊళ్ళోవాళ్ళ ఆసనాలన్నీ మోస్తే జారదూ! మీది వంగడం మానేస్తే సర్దుకుంటుంది, డాక్టరే చెప్పాడని మీరే అన్నారు. ఆవిడది సర్దుకోదు. మీకు అప్పగించడాలూ పుచ్చుకోడాలూ తప్ప ఇంకో ముక్క రాదు కదా. ఆ వచ్చిన ముక్కే వాడి ఏడవండి!"

ఆవిడ తిట్టిన తిట్టులో కూడా ఇంత ఉపాయం ఉంటుందని నాకు తెలియదు. మంచం మీద నుంచి పక్కకి దొర్లి, గోడ పట్టుకుని లేచాను. నడుంకి బెల్టు బిగించి, ఆటో మాట్లాడుకుని, తిన్నగా ఆఫీసుకెళ్ళాను.

"నీవు పడుకొని ఉండవలసిన సమయం కదా!" అన్నారు విద్యాధరరావుగారు కంగారుగా.

"అదే సార్ చిక్కు. అనివార్య కారణాల వలన నేను విశ్రాంతి తీసుకోలేకపోతున్నాను. మంజూరైన విశ్రాంతి ఖాళీగా పడి ఉంది."

ఆయన కుర్చీలో నిటారుగా అయిపోయారు. "ఖాళీగానా? విశ్రాంతి ఒక్క క్షణమైనా ఖాళీగా ఉండుటకు వీల్లేదయ్యా! పైవారు చూచినచో?"

"అందుకే వచ్చాను సార్. నా విశ్రాంతికి ఎవరినైనా ఇన్‌ఛార్జిగా వేయండి."

"ఎవరున్నారు? సూపరింటెండెంటు..."

ఆయన మాట పూర్తికాకుండానే అడ్డుపడ్డాను. "విశ్రాంతి నాలుగో తరగతి ఖాతాలోది సార్. సూపరింటెండెంటుగారికిస్తే హోదాకి భంగం. ఆ హోదాలో ఉన్నది నూకరత్నం ఒక్కతే."

"నిజమే. కానీ ఆమె చాపలు మోయుచున్నది కదా. అవి ఎవరు మోయుదురు?"

"ఆ చాపలకి నేను పూర్తి అదనపు బాధ్యత తీసుకుంటాను."

విద్యాధరరావుగారు కళ్ళద్దాలు తీసి తుడిచారు. ఎక్కడో ఓ చోట ఆయనకి మామూలు మనిషి బుద్ధి వచ్చేస్తుందేమో, "అంటే ఆమె లీవులో ఆమె పడుకుంటుందన్నమాట, అంతేనా?" అని అడిగేస్తారేమో, అప్పుడు మొత్తం చెడిపోతుందేమోనని ఒకటే భయం. ఆయన పైకప్పు వంక చూస్తూ చాలాసేపు పెదవులు కదిపారు. ఆమె నాకు, నేను ఆమెకు, మళ్ళీ నేను, మళ్ళీ ఆమె అని లెక్క కట్టుకుంటున్నట్టుంది.

"విధానపరంగా ఇందులో లోపమేమియు కనబడుటలేదు," అని సంతకం పెట్టేశారు.

నూకరత్నానికి విషయం చెప్పడం మాత్రం సంతకం పుచ్చుకున్నంత తేలిక కాలేదు. తన లీవు తనకే వచ్చిందంటే ఆవిడ నమ్మలేదు. "నా విశ్రాంతికి నిన్ను ఇన్‌ఛార్జిగా వేశారు" అంటే వెంటనే నమ్మింది. ఆఫీసులో పనిచేస్తోంది మరి. "జాగర్తగా సేత్తానండి," అని మాటిచ్చి, ఆటో ఎక్కింది.

సర్క్యులర్ ఇంకా అమల్లోనే ఉంది. అధికారుల ఆసనాలు మాత్రం ఎవరివి వాళ్ళకి వెనక్కిచ్చేశాను. వాళ్ళిప్పుడు ఇన్‌ఛార్జి కోసం వెతుక్కుంటున్నారు. నేను చాపలు మోస్తున్నాను. చుట్టని విప్పి, ఒక్కొక్క చాప చొప్పున పట్టుకుని, గోడ ఆనుకుని ఎక్కుతాను. సగంలో కూర్చుంటాను. "మెట్లెక్కుట కూడా ఒక వ్యాయామమే," అంటూ విద్యాధరరావుగారు నన్ను దాటుకుని దిగిపోతుంటారు.

మొన్న అలా సగంలో ఉండగా ఫోను మోగింది. నూకరత్నం.

"కామేశంగారండీ, ఆయ్, నేనండి. డాట్రుగారు సెప్పినట్టే ఎల్లకిలా పడుకుంటన్నానండి, మీ తరపున. కాల్లో తిమ్మిరి సగానికి సగం దిగిపోయిందండి. బొటనేలు కదులుతందండి." గొంతు తగ్గించి, తప్పు చేసినదానిలా అడిగింది. "రాత్రి నిద్దట్లో ఓసారి పక్కకి ఒత్తిగిల్లేశానండి. మీకేవీ నెప్పి సెయ్యలేదు కదండీ?"

నా నడుం నిప్పుల మీద ఉన్నట్టుంది. చాప గోడకి ఆనించి, గొంతు సవరించుకున్నాను.

"ఏమీ లేదమ్మా, హాయిగా ఉంది," అన్నాను. "నువ్వు మాత్రం లేవకు."